చికిత్స ముగిసిన తరువాత మన బాధ్యత

(సంఘం వార్షిక సమావేశంలో మహిళా సేవా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ వేదిక మీద మా విభాగం ఒక నివేదిక చదవడం ఆనవాయితీ. ఎందరికి కుట్టు మిషన్లు ఇచ్చామో, ఎందరు పిల్లలకు పుస్తకాలు కొన్నామో ఆ లెక్కలన్నీ కార్యదర్శిగారి నివేదికలోనే ఉన్నాయి కనుక మళ్ళీ చదివి మీ సమయం వృథా చేయము. ఈసారి మేము చేసిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకుని, దానివల్ల నేర్చుకున్న నాలుగు మాటలు చెప్పుకుందామని లేచాము.

షేక్‌పేట వైపు నుంచి ఒక ఆపా మా దగ్గరకు వచ్చేది. కార్‌చోబు పనిలో మంచి చెయ్యి. పెళ్ళి జాకెట్లకు, ఫిలింనగర్ నుంచి వచ్చే సినిమా దుస్తులకు మగ్గం మీద జరీ పని చేసి ఇల్లు నడిపేది. ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మన సంఘం చేయగలిగింది చేసింది. మందులకు కొంత ఇచ్చాము, రాకపోకలకు ఆటో ఖర్చులు ఇచ్చాము, ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో మనవాళ్ళు నలుగురు కూర్చున్నారు. ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అయింది. అల్హమ్‌దులిల్లాహ్ అనుకుని మా రిజిస్టరులో ఆమె పేరు ఎదుట ఎర్ర సిరాతో "చికిత్స పూర్తి అయినది" అని రాసి ఆ పేజీ మూసేశాము.

ఎనిమిది నెలల తరువాత ఒక వలీమాలో ఆమె కనబడింది. కుడిచెయ్యి దుపట్టా కిందే దాచుకుని, ఎడమచేత్తో తింటూ కూర్చుంది. తప్పనిసరైతే తప్ప ఎడమచేత్తో ముద్ద ఎత్తేవాళ్ళు మనలో ఎవరుంటారు? దగ్గరకు వెళ్ళి అడిగితే "ఏం లేదు బాజీ, మందుల వేడి" అంది. చెయ్యి బయటికి తీయమని బతిమాలితే తీసింది. భుజం నుంచి వేళ్ళ కణుపుల దాకా ఉబ్బి, చర్మం బిగుసుకుపోయి ఉంది. గాజులు ఎక్కడం మానేసి చాలా కాలమైందట. నమాజులో తక్బీర్‌కు ఆ చెయ్యి చెవిదాకా లేవడం లేదట. మగ్గం ముందు పది నిమిషాలు చెయ్యి చాపి ఉంచలేక పని మానేసిందట.

కారణం అడిగాము. కుట్లు తెగుతాయేమోనన్న భయంతో ఆపరేషన్ అయిన రోజు నుంచి ఆ చెయ్యి కదిలించలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా "కదిలించకమ్మా" అనే చెప్పారు. ఆసుపత్రివారు వ్యాయామాల బొమ్మలు వేసిన కాగితం ఇచ్చే ఉన్నారు. ఆ కాగితం ఫైలులో మడత విప్పకుండా ఉంది. దాన్ని తీసి చదివి చూపించినవారు లేరు. వరండాలో కూర్చున్న మనం నలుగురమూ చూపించలేదు. మా పొరపాటు ఇదే. "పూర్తి అయినది" అని మేము రాసిన రోజున ఆమెకు సగం పని మిగిలే ఉంది.

ఊళ్ళో వైద్యానికి లోటు లేదు

క్యాన్సర్ వైద్యానికి మన హైదరాబాదులో వసతులు తక్కువేమీ కావు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో మొదలైంది. దానికి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్‌గారి పేరు పెట్టారు. ఆయన హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్ మొదటి గవర్నరు అయ్యారు. రాళ్ళూ తుప్పలూ తప్ప మరేమీ లేని రోజుల్లో బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకుని ఆ ప్రాంతం పెరగడానికి దారి చూపినవారు కూడా ఆయనే. జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి 1988లో వచ్చింది. బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000 జూన్ 22న ప్రారంభమైంది. నందమూరి తారక రామారావుగారు క్యాన్సర్‌తో పోయిన తమ భార్య జ్ఞాపకార్థం తలపెట్టిన ఆసుపత్రి అది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకంవల్ల ఆపరేషన్, కీమో, రేడియేషన్ బీదవారికీ అందుబాటులోకి వచ్చాయి.

అంటే ఫిలింనగర్ బస్తీ నుంచైనా, టోలిచౌకి నుంచైనా ఆటో ఎక్కితే అరగంటలో పెద్ద డాక్టరు దగ్గరకు చేరవచ్చు. కాని డాక్టరు దగ్గర గడిపేది గంట. మిగతా ఇరవైమూడు గంటలూ రోగి ఇంట్లోనే ఉంటుంది. చికిత్స తరువాతి సంరక్షణ చాలామటుకు ఆ ఇరవైమూడు గంటల్లోనే జరగాలి.

ఈ జబ్బు అరుదైనది కాదు. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో దీనిదే మొదటి స్థానం. 2022 ఒక్క సంవత్సరంలోనే దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా వచ్చిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా. తొందరగా కనిపెడితే చాలామంది బతుకుతున్నారు. బతికి బయటపడ్డవారు మళ్ళీ తమ పనులు తాము చేసుకుంటూ గౌరవంగా బతకడం ఎలా అన్నదే ఈనాటి మన ప్రశ్న.

చెయ్యి ఎందుకు ఉబ్బుతుంది?

ఆపరేషన్ రొమ్ముకు అయితే చెయ్యి ఎందుకు ఉబ్బుతుందని అందరూ అడుగుతారు. మన ఒంట్లో రక్తనాళాలు ఉన్నట్టే, కణాల మధ్య మిగిలిన నీటిని తిరిగి చేరవేసే సన్నని లింఫు నాళాలు కూడా ఉంటాయి. చేతి నుంచి వచ్చే ఆ నాళాలు చంకలోని లింఫు గ్రంథులను కలుస్తాయి. జబ్బు ముందుగా పాకేది అక్కడికే కనుక డాక్టర్లు ఆ గ్రంథులను తీసి పరీక్షిస్తారు. గ్రంథులు చాలా వరకు తీసివేసినప్పుడు, లేదా అక్కడ రేడియేషన్ ఇచ్చినప్పుడు, నీరు పోయే దారి ఇరుకవుతుంది. మోరీలో చెత్త అడ్డుపడితే వాకిట్లో నీరు నిలిచినట్టు చేతిలో నీరు నిలుస్తుంది. దీన్నే లింఫెడీమా అంటారు.

చంకలోని గ్రంథులు ఎక్కువగా తీసినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. ఒకటి రెండు ముఖ్యమైన గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించే పద్ధతిలో ఇరవైమందిలో ఒకరికి వస్తుంది. కొందరికి నెలల్లోనే వస్తుంది, కొందరికి ఏళ్ళ తరువాత వస్తుంది. అందువల్ల "రెండేళ్ళు అయిపోయింది, ఇక నాకు రాదు" అనుకోకూడదు.

గుర్తుపట్టడం ఆడవాళ్ళకు కష్టం కాదు. ఉంగరం బిగుతవుతుంది. ఒక చేతి గాజు సులువుగా ఎక్కి, రెండో చేతిది ఎక్కదు. జాకెట్టు చెయ్యి ఒకవైపే పట్టేస్తుంది. చెయ్యి బరువుగా ఉన్నట్టు తోస్తుంది. దర్జీ టేపుతో రెండు చేతులనూ మణికట్టు దగ్గర, మోచేతికి కిందా పైనా ఒకే చోట కొలిచి నెలనెలా కాగితం మీద రాసుకోవాలి. రెండింటికీ రెండు సెంటీమీటర్ల తేడా వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. మొదట్లోనే పట్టుకుంటే అదుపు చేయడం సులువు. ముదిరితే పూర్తిగా పోవడం కష్టం.

దీనికి వైద్యం ఉంది. తెలిసిన ఫిజియోథెరపిస్టు చేత చర్మం మీద నెమ్మదిగా, తేలికగా రాయించుకుని నీటిని పైకి నడిపించడం ఒకటి. పొరలు పొరలుగా కట్టు కట్టడం రెండోది. వాపు తగ్గాక కొలత ప్రకారం తీసుకున్న బిగుతు తొడుగు, అంటే స్లీవ్, పగలు వేసుకోవడం మూడోది. వీటికి తోడు వ్యాయామం, చర్మ సంరక్షణ. ఆ తొడుగు సాగిపోతుంది కనుక సుమారు ఆరు నెలలకోసారి మార్చాలి. ఇంట్లో వేడినూనె పోసి గట్టిగా మర్దించడం మాత్రం వద్దు. నీరు పోయే మాత్రలు వాడితే వాపు తగ్గుతుందనుకోవడం కూడా పొరపాటే.

ఇంకొక ముఖ్యమైన మాట. ఆ చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది చర్మంలో చేరిన ఇన్ఫెక్షన్. తెల్లవారేదాకా చూద్దామని ఆగక ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కూరగాయలు తరిగేటప్పుడు, తందూరు దగ్గర, సూదిపని చేసేటప్పుడు ఆ చేతిని కాపాడుకోవాలి. గీరుకుంటే వెంటనే కడిగి మందు రాయాలి. సూదీ, బి.పి. పట్టీ ఆ చేతికి వద్దని మన డాక్టర్లు చాలామంది చెప్తారు. ఈమధ్య పరిశోధనల్లో వాటివల్ల పెద్ద హాని కనబడలేదు. అయినా రెండో చెయ్యి ఉండగా దాన్నే చాపితే పోయేదేమీ లేదు.

కదిలించకపోవడమే ప్రమాదం

"కదిలించకమ్మా" అనే మాట ప్రేమతో అన్నదే, కాని తప్పు మాట. ఒకప్పుడు డాక్టర్లు కూడా బరువులు ఎత్తవద్దు, చేతికి శ్రమ ఇవ్వవద్దు అని భయపెట్టేవారు. 1996లో కెనడాలోని వాంకూవర్ నగరంలో డాన్ మెకెంజీ అనే డాక్టరు, ఈ చికిత్స అయిన 24 మంది స్త్రీలకు తర్ఫీదు ఇచ్చి పొడుగాటి పడవలో తెడ్లు వేయించారు. వాళ్ళకు చేతులు ఉబ్బలేదు సరికదా, ఆరోగ్యం బాగుపడింది. 2009లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో, వాపు ఉన్నవారు సైతం కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులు ఎత్తితే వాపు పెరగలేదని తేలింది. ఇందులో కిటుకంతా కొద్దికొద్దిగా పెంచడంలోనే ఉంది. మొదటి రోజే నీళ్ళ బిందె ఎత్తమని కాదు.

ఆపరేషన్ అయిన మరునాటి నుంచే డాక్టరు అనుమతితో గుప్పిట మూయడం తెరవడం, మోచెయ్యి మడవడం చాపడం మొదలుపెట్టవచ్చు. డ్రెయిన్ గొట్టం ఉన్నంతకాలం చేతిని భుజం ఎత్తు దాటనివ్వకూడదు. గొట్టం తీశాక గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడమీద పైకి పాకించాలి. ఎంతదాకా వెళ్ళిందో సుద్దముక్కతో గీత పెట్టి, మరునాడు ఆ గీత దాటడానికి ప్రయత్నించాలి. రెండు చేతులతో చేతికర్ర పట్టుకుని తలమీదికి ఎత్తాలి. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కొక్కటి అయిదు నుంచి పదిసార్లు చేస్తే చాలు. లాగినట్టుండటం మామూలే. పొడిచినట్టు నొప్పి వస్తే ఆపాలి.

రేడియేషన్ ఇచ్చేటప్పుడు చెయ్యి తలపైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి. భుజం బిగుసుకుపోయినవారికి ఆ చికిత్స ఇవ్వడమే కష్టమవుతుంది. రేడియేషన్ అయ్యాక కూడా కండరాలు నెలల తరబడి బిగుసుకుంటూ ఉంటాయి కనుక వ్యాయామం అప్పుడూ మానకూడదు.

మన ఇళ్ళలో దీనికి ఒక మంచి కొలత ఉంది. తక్బీర్‌కు చెయ్యి ఎంతదాకా లేస్తున్నది? జడ వేసుకోగలుగుతున్నదా? బురఖా తానే తొడుక్కుంటున్నదా? రోజుకు అయిదుసార్లు ఆ కొలత దానంతట అదే దొరుకుతుంది. సజ్దాలో చేతిమీద బరువు ఆనలేకపోతే కూర్చునే చదువుకోవచ్చు, సైగలతోనూ చదువుకోవచ్చు. రోగికి మన ధర్మం ఈ వెసులుబాటు ఇచ్చింది. వజూ చేశాక వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుని మెత్తని క్రీము రాస్తే చర్మం పగలదు. కీమో జరుగుతున్నప్పుడు రోజా ఉండాలని పట్టుబట్టే ఆపాలను చూశాము. జబ్బు మనిషికి రోజా మినహాయింపు ఉన్నదని అందరికీ తెలుసు. డాక్టరునూ, ఆలిములనూ ఇద్దరినీ అడిగి నడుచుకోవాలి. మొండితనం ఇబాదత్ కాదు.

పైకి కనబడని కష్టాలు

రొమ్ము తీసివేసినవారికి ఒకవైపు బరువు తగ్గి భుజం వంగుతుంది, మెడ నొప్పి పుడుతుంది. గాయం మానేదాకా దూదితో కుట్టిన తేలికపాటిది, తరువాత సిలికాన్‌తో చేసినది లోపల అమర్చుకుంటే నడక, నిలబడటం సరిగా ఉంటాయి, నలుగురిలో సంకోచమూ పోతుంది. బట్టతో చేసేదాన్ని మన కుట్టు కేంద్రంలోనే కుట్టవచ్చు. మగవాళ్ళు నిర్వహించే దుకాణంలో ఈ వస్తువు అడగలేక ఏళ్ళ తరబడి మానుకున్నవారు మనలో ఉన్నారు. మన ఆడపిల్లలే కుట్టి ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే ఆ ఇబ్బంది ఉండదు.

రాలిన జుట్టు కీమో ముగిశాక తిరిగి వస్తుంది. అరికాళ్ళ తిమ్మిర్లు, నీరసం చాలా నెలలు ఉండవచ్చు. నీరసానికి విశ్రాంతి ఒక్కటే మందు కాదు. రోజూ కొద్దిసేపు నడక మంచి మందు. హార్మోను మాత్రలు కొందరికి అయిదేళ్ళు, కొందరికి పదేళ్ళు వాడాలి. "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని మధ్యలో మానేయడం చాలా ప్రమాదం. ఒంట్లో ఆవిర్లు, కీళ్ళనొప్పులు వస్తే డాక్టరుకు చెప్పాలి. కొన్ని మాత్రలవల్ల ఎముకలు పలుచబడతాయి కనుక ఎముకల పరీక్ష, కాల్షియం సంగతి అడగాలి. టామాక్సిఫెన్ వాడేవారికి అనుకోని రక్తస్రావం కనబడితే దాచకూడదు.

ఇక మనసు సంగతి. ఏ చిన్న నొప్పి వచ్చినా జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ భయాన్ని "ఛీ, ఊరుకో" అని కొట్టేస్తే పోదు. పక్కన కూర్చుని వినాలి. ఇంకా చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి. ఇది అంటుజబ్బు కాదు. పళ్ళెం వేరు చేయనక్కరలేదు, మనవళ్ళను దూరం పెట్టనక్కరలేదు. కూతుళ్ళకు రిష్తాలు రావని తల్లి జబ్బును దాచడం మన వీధుల్లో ఉన్న సంగతే. వంద కేసుల్లో అయిదు నుంచి పది మాత్రమే వంశపారంపర్యంగా వచ్చేవి. దాచినందువల్ల తల్లికి సంరక్షణ పోతుంది, కూతురికి సకాలంలో పరీక్ష చేయించుకునే అవకాశమూ పోతుంది.

భర్తలకు ఒక మాట. ఆమె శరీరం మారింది, మనిషి మారలేదు. ఈ మాట ఆమెకు ఆసుపత్రివాళ్ళు చెప్పలేరు. మీరే చెప్పాలి.

మన పక్కనే ఉన్న సినిమా లోకం నుంచి ఇద్దరిని తలచుకుందాము. అందమే పెట్టుబడి అనుకునే ఆ వృత్తిలో ఈ జబ్బును బయటికి చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. నటి గౌతమి ఈ జబ్బు నుంచి కోలుకుని, ఇతర రోగుల కోసం లైఫ్ ఎగైన్ ఫౌండేషన్ స్థాపించారు. తెలుగు సినిమాల్లో నటించిన హంసానందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సర్ అని, తన తల్లి కూడా దీనితోనే పోయారని, తనకిది వంశపారంపర్యంగా వచ్చిందని గుండు చేయించుకున్న ఫోటోతో సహా లోకానికి చెప్పారు. చికిత్స ముగించుకుని 2022లో మళ్ళీ షూటింగుకు వెళ్ళారు. తెరమీద కనబడవలసినవారే దాచుకోకపోతే, దుపట్టా కింద చెయ్యి దాచుకోవలసిన అవసరం మనకేమిటి?

మేము అడుగుతున్నది

ఇయాదత్, అంటే రోగిని పరామర్శించడం, సాటి మనిషి మీద మనకున్న బాధ్యత అని చిన్నప్పటి నుంచి వింటున్నాము. మదీనా మసీదు దగ్గర గుడారం వేసి గాయపడ్డవారికి సేవచేసిన రుఫైదా బీబీ పేరు చెప్పుకుని గర్విస్తాము. కాని మన పరామర్శ ఆసుపత్రి మంచం దగ్గరే ఆగిపోతున్నది. పళ్ళు తీసుకుని మొదటి వారంలో ఇరవైమంది వెళతాము. ఆరో నెలలో ఒక్కరూ వెళ్ళరు. అమెరికాలో 1952లో తెరీసె లాసర్ అనే ఆమె తనకు ఆపరేషన్ అయిన తరువాత, అదే ఆపరేషన్ అయిన ఇతర స్త్రీల దగ్గరకు వెళ్ళి ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది. అది తరువాత ఎన్నో దేశాలకు పాకింది. జబ్బు పడి లేచినవారి మాటకు ఉన్న బలం మన మాటకు రాదు.

అందుచేత కార్యవర్గాన్ని నాలుగు కోరుతున్నాము. ఒకటి, మా రిజిస్టరులో "చికిత్స పూర్తి" అన్న గడి తరువాత ఇంకొక గడి వేయడానికి అనుమతించండి. నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఎవరు వెళ్ళి చూశారో అందులో రాస్తాము. రెండు, స్లీవ్‌కు, ఫిజియోథెరపీకి వెళ్ళే ఆటో ఖర్చులకు కొంత సొమ్ము వేరుగా కేటాయించండి. మా దగ్గరకు వచ్చినవారు స్లీవ్‌ను చేతి డబ్బుతోనే కొనుక్కోవలసి వచ్చింది. అర్హులకు జకాత్ నుంచి ఇవ్వవచ్చునా అన్నది ఆలిములు చెప్పాలి, మిగతావారికి సదఖా ఉంది. మూడు, కోలుకున్న ఆపాలతోనే ఒక పరామర్శ బృందం వేద్దాము. నాలుగు, ప్రతి రోగి ఇంటికీ ఒక దర్జీ టేపు, ఒక సుద్దముక్క, చదివి వినిపించడానికి ఒక మనిషిని పంపుదాము. వీటిలో ఖరీదైనది ఆ మనిషి సమయం ఒక్కటే.

చివరగా ఆ ఆపా సంగతి. ఆ వలీమా తరువాత ఆమెను ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళాము. వాపు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ముందే మేము కనుక్కుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని మాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు స్లీవ్ వేసుకుని, గంటకోసారి లేచి చెయ్యి చాపుకుంటూ మగ్గం ముందు కూర్చుంటున్నది. ఇద్దరు ఆడపిల్లలకు పని నేర్పుతున్నది. వాళ్ళింటి గోడమీద సుద్దగీతలు ఒకదానిమీద ఒకటి నిచ్చెనలా ఉన్నాయి. మొన్న వెళ్ళినప్పుడు అన్నిటికంటే పై గీత చూపించి "బాజీ, చెవి దాకా వచ్చింది" అంది.

ఆ పేజీ మీద ఎర్ర సిరా రాత అలాగే ఉంది. కొట్టివేయలేదు. దాని కింద కొత్త తేదీలు రాస్తున్నాము. జబ్బుపడ్డవారందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించాలనీ, వారిని మధ్యలో వదిలేయని బుద్ధి మనకు ఇవ్వాలనీ మీరందరూ దుఆ చేయండి.